జైనూర్ ప్రాంతంలో వంట ఇంధనం ఎంపిక: గ్యాస్ ఉన్న ఇంట పత్తి కట్టె పాత్ర

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పశ్చిమ భాగంలోని జైనూర్ మండలం 2016 అక్టోబరు వరకు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఉట్నూరు కేంద్రంగా పనిచేసే సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ పరిధిలోని ఈ ప్రాంతంలో గోండులు, కొలాములు, ప్రధాన్లు, తోటీలు, లంబాడాలు నివసిస్తున్నారు. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ దంపతులు 1940వ దశకంలో నివాసమున్న మార్లవాయి గ్రామం ఈ మండలంలోనిదే. ఇక్కడి సాగు అధిక భాగం వర్షాధారం. పత్తి, కంది, జొన్న, సోయాచిక్కుడు ముఖ్యమైన పంటలు. గత పాతికేళ్లలో వివిధ పథకాల ద్వారా వంట గ్యాస్ కనెక్షన్లు గూడేల వరకు చేరాయి. అయినప్పటికీ ఇంటి పక్కన కట్టెల పేర్పు, చేని గట్టున పత్తి కట్టె కుప్ప నేటికీ సాధారణ దృశ్యాలే.

దీనికి అవగాహనా లోపమే కారణమని విస్తరణ కార్యక్రమాలలో తరచుగా చెప్పబడుతున్నది. ఆ నిర్ధారణ పూర్తిగా సరైనది కాదు. పొగ వల్ల కళ్లు మండుతాయనీ, దగ్గు వస్తుందనీ పొయ్యి ముందు కూర్చునే స్త్రీకి మరొకరు చెప్పనవసరం లేదు. కుటుంబం ఏ నెలలో ఏ ఇంధనం వాడాలన్నది చేతిలోని నగదును, ఇంట్లోని శ్రమను, వాతావరణాన్ని, వండవలసిన ఆహారాన్ని కలిపి లెక్కించి తీసుకునే నిర్ణయం. ఆ లెక్క అర్థమైతే తప్ప స్వచ్ఛ ఇంధనం వైపు కుటుంబాలను మళ్లించే ప్రయత్నాలు ఫలించవు. పత్తి సాగుచేసే ప్రాంతంలో ఈ విషయానికి మరొక ప్రాధాన్యం కూడా ఉన్నది. వంట కోసం దాచిన పత్తి కట్టెకూ, మరుసటి వానాకాలంలో పైరును ఆశించే గులాబి రంగు కాయతొలుచు పురుగుకూ ప్రత్యక్ష సంబంధం ఉన్నది.

ఇంధనం మారడం లేదు, చేరుతున్నది

ఆదాయం పెరిగిన కొద్దీ కుటుంబాలు పిడకలు, కట్టెల నుంచి కిరోసిన్‌కు, కిరోసిన్ నుంచి గ్యాస్‌కు, ఆపై విద్యుత్తుకు నిచ్చెన ఎక్కినట్లు ఒక్కొక్క మెట్టే దాటిపోతాయని ఒకప్పటి ఇంధన శాస్త్రజ్ఞుల భావన. మెక్సికో గ్రామాలలో జరిపిన అధ్యయనం ఆధారంగా మసేరా, సాట్‌క్యాంప్, కామెన్ అనే పరిశోధకులు 2000లో ఈ భావనను ప్రశ్నించారు. గ్యాస్ పొయ్యి వచ్చిన ఇళ్లలో కట్టెల పొయ్యి పోలేదనీ, రెండూ పక్కపక్కనే కొనసాగాయనీ వారు చూపారు. కొత్త ఇంధనం పాతదానిని తొలగించదు, దానికి తోడుగా వచ్చి చేరుతుంది.

జైనూర్ పరిసరాలలోని పరిస్థితిని వివరించడానికి ఈ దృష్టి ఎక్కువగా ఉపకరిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వంటి గణనలలో ప్రధానంగా వాడే ఇంధనం ఏదన్న ప్రశ్నకు కుటుంబం ఒకే సమాధానం ఇస్తుంది. ఉదయం చాయ్ గ్యాస్ మీద, రొట్టె కట్టెల మీద, స్నానపు నీళ్లు పత్తి కట్టె మీద కాగే ఇల్లు ఆ లెక్కలో ఒకే గడిలో పడుతుంది. తెలంగాణలో పది ఇళ్లలో తొమ్మిదింటి ప్రధాన ఇంధనం స్వచ్ఛమైనదని చెప్పే గణాంకం అబద్ధం కాదు. అయితే రెండవ పొయ్యి గురించి అది ఏమీ చెప్పదు.

సిలిండర్‌కు సరితూగే కట్టె ఎంత

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ప్రారంభమైన దీపం పథకం, దేశవ్యాప్తంగా 2016 మే నుంచి అమలైన ఉజ్వల పథకం పేద కుటుంబాలకు కనెక్షన్ ఖర్చు భారాన్ని తొలగించాయి. కనెక్షన్ ఒకసారి తీసుకునేది. సిలిండర్ మాత్రం మళ్లీ మళ్లీ నింపించవలసినది. ఉజ్వల పథకంపై కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2019లో సమర్పించిన నివేదిక ప్రకారం, 2018 డిసెంబరు నాటికి లబ్ధిదారులు సగటున ఏడాదికి 3.21 సిలిండర్లు మాత్రమే తీసుకున్నారు. ఐదుగురు సభ్యులున్న కుటుంబం పూర్తిగా గ్యాస్ మీదే వండుకుంటే సుమారు ఎనిమిది సిలిండర్లు అవసరమవుతాయని అనుకుంటే, మిగిలిన అయిదింటి పని మరొక ఇంధనం చేస్తున్నదని అర్థం.

ఆ పనిని కట్టెలలోకి మార్చి చూడవచ్చు. 14.2 కిలోల సిలిండర్‌లో సుమారు 640 మెగాజౌళ్ల ఉష్ణశక్తి ఉంటుంది. గ్యాస్ పొయ్యి వాడుకలో అందులో 55 శాతం గిన్నెకు చేరుతుందని తీసుకుంటే వినియోగమయ్యేది సుమారు 350 మెగాజౌళ్లు. ఎండిన కట్టె కిలోకు 16 మెగాజౌళ్ల వరకు ఇస్తుంది. కానీ మూడు రాళ్ల పొయ్యిలో 10 నుంచి 15 శాతం మాత్రమే గిన్నెకు అందుతుంది, మిగిలినది గాలిలో కలిసిపోతుంది. ఈ లెక్కన ఒక సిలిండర్‌కు 150 నుంచి 220 కిలోల కట్టె సమానం. అయిదు సిలిండర్ల లోటును పూరించడానికి ఏడున్నర నుంచి పదకొండు క్వింటాళ్ల కట్టె కావాలి.

ఇప్పుడు చేను వైపు చూడవలసి ఉన్నది. పత్తి తీత పూర్తయిన తర్వాత హెక్టారుకు రెండు నుంచి మూడు టన్నుల కట్టె మిగులుతుంది. అంటే ఎకరానికి ఎనిమిది నుంచి పన్నెండు క్వింటాళ్లు. దాని ఉష్ణ విలువ మామూలు వంటచెరకు కంటే పెద్దగా తక్కువ కాదు. ఒక్క ఎకరం పత్తి చేను ఏడాదికి అయిదు సిలిండర్ల గ్యాస్‌ను ఊరికే ఇస్తున్నట్లు రైతు కుటుంబానికి కనిపిస్తుంది. దానిని మడిలో తగలబెట్టవద్దని, యంత్రంతో ముక్కలు చేసి నేలలో కలపమని చెప్పినప్పుడు ఆ కుటుంబం వదులుకోవలసినదేమిటో ఈ అంకె చెబుతుంది.

నగదు లేని నెల

సిలిండర్ ధర ఏడాది పొడవునా దాదాపు ఒకే తీరుగా ఉండవచ్చు. కుటుంబం చేతిలోని డబ్బు అలా ఉండదు. వర్షాధార పత్తి రైతుకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు తీతల వెంట డబ్బు వస్తుంది. జూన్‌లో విత్తనాలకు, జూలై, ఆగస్టులలో ఎరువులకు, మందులకు, కూలీలకు అది వెళ్లిపోతుంది. వానాకాలంలో కట్టె తడిసి సరిగా మండదు, పొగ పెరుగుతుంది, అడవికి వెళ్లి తెచ్చుకోవడం కష్టమవుతుంది. గ్యాస్ అవసరం అన్నింటికంటే ఎక్కువగా ఉండే నెలలే నగదు అన్నింటికంటే తక్కువగా ఉండే నెలలు. పంట అమ్మిన డిసెంబరులో సిలిండర్ తీసుకోగలిగిన కుటుంబానికి అప్పుడు చేను నిండా ఎండు కట్టె ఉంటుంది, గ్యాస్ అవసరం అంతగా తోచదు.

రాయితీ చేరే విధానం కూడా ఈ నిర్ణయాన్ని ప్రభావితం చేస్తుంది. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి మహాలక్ష్మి పథకం కింద అర్హులైన కుటుంబాలకు సిలిండర్ రూ. 500కు లభిస్తున్నది. అయితే వినియోగదారు ముందుగా పూర్తి ధర చెల్లించాలి, తేడా మొత్తం తర్వాత బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. ఉజ్వల రాయితీ చేరే మార్గం కూడా ఇదే. ఆగస్టులో ఎనిమిది, తొమ్మిది వందల రూపాయలు ఒక్కసారిగా తీయలేని కుటుంబానికి తర్వాత జమ కాబోయే డబ్బు ఆ పూట పొయ్యి వెలిగించదు. ఏడాదిలో ఎన్ని సిలిండర్లకు ఈ రాయితీ వర్తిస్తుందన్నది గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి నిర్ణయించడం మరొక చిక్కు. ఇన్నాళ్లూ స్తోమత లేక తక్కువ సిలిండర్లు తీసుకున్న ఇంటికి ఇకముందు రాయితీ కూడా తక్కువ సిలిండర్లకే దక్కుతుంది. ఎక్కువగా మారవలసిన కుటుంబానికి తక్కువ ప్రోత్సాహం అందే ఈ ఏర్పాటు పునరాలోచించదగినది.

అయిదు కిలోల చిన్న సిలిండర్ ఉజ్వల వినియోగదారులకు అందుబాటులో ఉన్న వెసులుబాటు. ఒక్కసారి చెల్లించవలసిన మొత్తం మూడింట ఒక వంతుకు తగ్గుతుంది. నూనె, చక్కెర, చాయ్‌పత్తా చిన్న పొట్లాలలో కొనే కుటుంబాలకు ఈ పద్ధతి కొత్త కాదు. వారపు సంత జరిగే కేంద్రంలో అది దొరికితే సంత నుంచి వచ్చే బండిలోనే ఇల్లు చేరుతుంది. సరఫరా కోసం ప్రత్యేకంగా ఒక రోజు కూలి పోగొట్టుకోవలసిన అవసరం ఉండదు.

పొయ్యికి ఉన్న ఇతర పనులు

కట్టెల పొయ్యిని వంట సాధనంగా మాత్రమే చూడడం వల్ల కొన్ని పథకాలు దెబ్బతిన్నాయి. జైనూర్‌ను ఆనుకొని ఉన్న సిర్పూర్ (యు) మండలం తెలంగాణలో అత్యల్ప ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఒకటి. డిసెంబరు, జనవరి నెలలలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 5 డిగ్రీల సమీపానికి పడిపోతుంది. ఆ నెలలలో పొయ్యి, దాని పక్కన నెగడు ఇంటికి వెచ్చదనాన్ని ఇస్తాయి. ఇంటిల్లిపాదికి స్నానపు నీళ్లు కాగడానికి పట్టే శక్తి తక్కువేమీ కాదు. నలభై లీటర్ల నీటిని 15 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వేడిచేయడానికి గిన్నెకు చేరవలసినది 5 మెగాజౌళ్లు. పైలెక్క ప్రకారం సిలిండర్ నుంచి గిన్నెకు చేరే 350 మెగాజౌళ్లతో రోజూ ఈ ఒక్క పనే చేస్తే సిలిండర్ డెబ్బై రోజులలో అయిపోతుంది. గ్యాస్‌ను ఇందుకు వాడడం దుబారాగా కుటుంబం భావించడంలో ఆశ్చర్యం లేదు.

జొన్న రొట్టె సంగతి వేరు. పెనం మీద ఒకవైపు కాలిన రొట్టెను నిప్పుల పక్కన నిలబెట్టి పొంగించడం గ్యాస్ మంట మీద అంత సులభంగా కుదరదు, రుచిలో తేడాను ఇంట్లోవారు వెంటనే గుర్తిస్తారు. విత్తనానికి ఉంచిన కంకులను పొయ్యి పైభాగాన వేలాడదీసి పొగ పట్టించే అలవాటు గిరిజన గూడేలలో ఉన్నది. పొగ తగిలిన గింజకు పురుగు త్వరగా పట్టదు. గడ్డి కప్పు, వాసాలకు కూడా పొగ కొంత రక్షణ. పొయ్యిని తీసివేస్తే ఈ పనులన్నింటికీ వేరువేరు ప్రత్యామ్నాయాలు చూపవలసి ఉంటుంది.

ఈ ప్రయోజనాల పక్కనే నష్టాన్నీ ఉంచి చూడాలి. కట్టెలు, పిడకలు, కిరోసిన్ వంటి కాలుష్యకారక ఇంధనాల పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల అకాల మరణాలు సంభవించాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీటిలో అయిదేళ్లలోపు పిల్లల మరణాలు 2 లక్షల 37 వేలకు పైగా ఉన్నాయి. పొగ పీల్చేది, కట్టె మోసేది స్త్రీలు, పిల్లలు. సిలిండర్‌కు డబ్బు తీయాలా వద్దా అన్నది చాలా ఇళ్లలో పురుషుడు తేల్చే విషయం. నష్టపోయేవారు ఒకరు, నిర్ణయించేవారు మరొకరు అయినచోట స్త్రీ శ్రమకు లెక్కలో విలువ సున్నాగానే ఉంటుంది. కట్టె ఉచితమన్న మాట ఆ సున్నా మీదే నిలబడి ఉన్నది.

పత్తి కట్టె నిల్వ, గులాబి రంగు పురుగు

పత్తి కట్టెను వంటకు వాడడాన్ని వ్యవసాయ శాస్త్రం వైపు నుంచి చూసినప్పుడు చిత్రం మరింత క్లిష్టమవుతుంది. గులాబి రంగు కాయతొలుచు పురుగు 2006లో మార్కెట్లోకి వచ్చిన రెండు జన్యువుల బీటీ పత్తిని కూడా తట్టుకునే శక్తిని సంతరించుకున్నది. 2017-18లో మహారాష్ట్ర, తెలంగాణ పత్తి రైతులు దీనివల్ల తీవ్రంగా నష్టపోయారు. పంట కాలం ముగిసే సమయంలో ఈ పురుగు లార్వాలు కొన్ని కోశస్థ దశకు వెళ్లకుండా సుప్తావస్థలోకి జారుకుంటాయి. చెట్టున మిగిలిన ఎండు కాయలు, విచ్చుకోని గుడ్డి కాయలు, రాలిన మొగ్గలు, జతగా అతుక్కున్న గింజలు వాటికి ఆశ్రయం. వేసవిని ఇలా గడిపి, తొలకరి తేమ తగిలాక రెక్కల పురుగులుగా బయటకు వస్తాయి. అప్పటికి చుట్టుపక్కల చేలలో కొత్త పత్తి మొగ్గ దశకు చేరుతూ ఉంటుంది.

వంట కోసం ఏప్రిల్, మే నెలలలో ఇంటి దగ్గర, చేని గట్టున పేర్చిన కట్టె కుప్పలో ఆ కాయలు అలాగే ఉంటాయి. కుటుంబం ఆ కుప్పను వానాకాలం కోసమే దాచుకుంటుంది. పురుగు కూడా వానాకాలం కోసమే అందులో దాగి ఉంటుంది. తడవకుండా పైన కప్పిన తాటాకు, పాలిథిన్ రెంటినీ ఒకే విధంగా కాపాడతాయి. ఇది ఒక్క ఇంటికి పరిమితమయ్యే నష్టం కాదు. ఒక కుటుంబం సిలిండర్ ఖర్చు తప్పించుకోవడానికి చేసిన పని పొరుగు రైతు పురుగుమందుల ఖర్చులో తేలుతుంది.

పత్తిని డిసెంబరు చివరికి, ఆలస్యమైతే జనవరికి ముగించి, కట్టెను ముక్కలు చేసి నేలలో కలియదున్నాలన్నది ఇప్పటి సిఫారసు. నేలలో సేంద్రియ కర్బనం పెంచే దృష్టితో ఇది ఉత్తమ మార్గం. అయితే ఎకరం కట్టె అయిదు సిలిండర్లకు సమానమన్న లెక్క గల కుటుంబానికి ఈ సిఫారసు ఒక్కటే చెబితే అది అమలు కాదు. అద్దె యంత్రం గూడెం వరకు రాని చోట అసలే కాదు. కట్టెను వాడుకుంటూనే పురుగును తుంచే క్రమం ఒకటి ఆచరణ సాధ్యమైనదిగా కనిపిస్తున్నది.

చివరి తీత అయిన వెంటనే చేనిలోకి మేకలను, గొర్రెలను, పశువులను వదలాలి. మిగిలిన పచ్చి కాయలను, ఆకును అవి తింటాయి. కట్టెను కోసేటప్పుడు లేదా పీకేటప్పుడు కొమ్మలకు మిగిలిన ఎండు కాయలను దులిపి, ఏరి, చేనిలోనే గుంతలో వేసి కాల్చివేయాలి. శ్రమ ఉన్నమాట నిజమే. కానీ కట్టెను మోపు కట్టేటప్పుడే ఈ పని చేస్తే ప్రత్యేక కూలి దినం పట్టదు. అన్నింటికంటే ముఖ్యమైనది వాడే వరుస. పత్తి కట్టెను ఫిబ్రవరి నుంచి మే వరకు ముందుగా పొయ్యిలో పెట్టి పూర్తిచేయాలి. పత్తిలో అంతరపంటగా వేసిన కంది కట్టెను, అడవి నుంచి తెచ్చిన ఎండు పుల్లను వానాకాలానికి దాచాలి. కంది గులాబి రంగు పురుగుకు ఆశ్రయమిచ్చే మొక్క కాదు కాబట్టి దాని కట్టె కుప్ప వల్ల పత్తికి ఈ ముప్పు లేదు. కుటుంబం అదనంగా ఖర్చు చేయవలసినది ఏమీ లేదు, కుప్పల వరుస మార్చడమే. జూన్ నాటికి మిగిలిన పత్తి కట్టె ఏదైనా ఉంటే దాని చెంత ఒక లింగాకర్షక బుట్ట పెట్టి చూస్తే, అందులో పడే రెక్కల పురుగులు ఏ ఉపన్యాసం కంటే స్పష్టంగా విషయాన్ని తెలుపుతాయి.

పత్తి కట్టెతో గుళికలు, ఇటుకలు తయారుచేసే సాంకేతిక పరిజ్ఞానాన్ని ముంబయిలోని కేంద్రీయ పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ రూపొందించింది. కట్టెను కొనేవారు దగ్గరలో ఉంటే రైతుకు చేని నుంచి నగదు వస్తుంది, ఆ నగదు సిలిండర్‌గా మారవచ్చు. జైనూర్ వంటి చోట్ల రవాణా ఖర్చే దీనికి అడ్డంకి. కట్టె బరువు తక్కువ, పరిమాణం ఎక్కువ. ట్రాక్టరు ట్రాలీ నిండా నింపినా తూకంలో వచ్చేది కొద్దే. చేని దగ్గరే ముక్కలు చేసి తరలించే ఏర్పాటు ఉంటే తప్ప ఇది గిట్టుబాటు కాదు.

ఇతర ప్రత్యామ్నాయాల పరిమితులు

మెరుగుపరచిన పొయ్యిల జాతీయ కార్యక్రమం 1983లో మొదలై 2002లో ముగిసింది. దేశమంతటా కోట్ల సంఖ్యలో పొయ్యిలు కట్టినా వాటిలో అధిక భాగం వాడుకలో నిలవలేదు. పొగగొట్టం పూడుకుపోవడం, మట్టి పగలడం, ఇంట్లోని కుండలకు పొయ్యి నోరు సరిపోకపోవడం ముఖ్య కారణాలు. ప్రస్తుత భారతీయ ప్రమాణాల ప్రకారం సహజ గాలితో మండే మెరుగైన పొయ్యి ఉష్ణ సామర్థ్యం కనీసం 25 శాతం, చిన్న పంకా అమర్చిన దానికి కనీసం 35 శాతం ఉండాలి. 25 శాతం పొయ్యి వాడినా సిలిండర్‌కు సమానమైన కట్టె సుమారు 90 కిలోలకు తగ్గుతుంది. ఎకరం పత్తి కట్టెకు బదులు అర ఎకరం కట్టె చాలు, మిగిలిన అర ఎకరాన్ని నేలలో కలపవచ్చు. స్నానపు నీళ్లకు, పశువుల కుడితికి వాడే పెరటి పొయ్యి స్థానంలో దీనిని పెట్టడం వంటింట్లో పెట్టడం కంటే సులభంగా అంగీకారం పొందుతుంది. అక్కడ రుచి ప్రస్తావన రాదు.

బయోగ్యాస్‌కు సంబంధించి లెక్క వేరు. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ, దాదాపు అంతే నీరు కావాలి. నాలుగైదు పశువులు కొట్టంలోనే ఉంటే ఆ పేడ లభిస్తుంది. అడవిలో మేసి వచ్చే పశువుల పేడలో సగం అడవిలోనే పడుతుంది. వేసవిలో నీటి కొరత, చలికాలంలో ఉష్ణోగ్రత తగ్గి గ్యాస్ ఉత్పత్తి పడిపోవడం ఈ ప్రాంతంలో తోడయ్యే ఇబ్బందులు. కర్ణాటకలోని తుమకూరు జిల్లా పుర గ్రామంలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన అమూల్య రెడ్డి బృందం చేసిన ప్రయోగం ఇక్కడ గమనార్హం. ఉమ్మడి ప్లాంటు నుంచి వంట గ్యాస్ ఇవ్వాలన్న తొలి ప్రయత్నం నిలవలేదు. అదే గ్యాస్‌తో ఇంజను నడిపి, 1987 నుంచి ఇళ్లకు తాగునీరు, వెలుతురు అందించినప్పుడు గ్రామస్థులే పేడ తెచ్చి ఇచ్చారు. వంటచెరకు వారికి ఊరికే దొరికేది, నీళ్లు దొరికేవి కావు. ఏ అవసరం ముందన్నది ప్రయోగశాల కంటే గ్రామానికే బాగా తెలుసు.

విద్యుత్ పొయ్యి విషయంలో తెలంగాణలో అనుకూలత ఒకటి ఉన్నది. గృహజ్యోతి పథకం కింద 2024 నుంచి నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన కుటుంబాలకు బిల్లు లేదు. నాలుగు బల్బులు, రెండు పంకాలు, ఒక టీవీ ఉన్న గిరిజన కుటుంబం వాడకం దీనిలో సగాన్ని కూడా చేరడం అరుదు. ఇండక్షన్ పొయ్యి మీద రెండు పూటల అన్నం, కూర వండితే నెలకు 60 నుంచి 90 యూనిట్లు పెరుగుతాయి. హద్దు దాటకుండానే వంట సాగుతుంది. ఆచరణలో మాత్రం 200 దాటితే బిల్లు మొత్తం కట్టవలసి వస్తుందన్న భయం, తక్కువ వోల్టేజి, వానాకాలంలో సరఫరా అంతరాయాలు, అడుగు చదునుగా లేని గిన్నెలు అడ్డుపడతాయి. మీటరును నెల మధ్యలో చదువుకోవడం నేర్పితే మొదటి భయం చాలా వరకు తగ్గుతుంది. మరోవైపు, బిల్లు సున్నా అయిన ఇంట్లో 75 వాట్ల పాత పంకా తీసి 30 వాట్ల పంకా కొనాలన్న ఆలోచన కలగదు. 2015లో ప్రారంభమైన ఉజాలా పథకం కింద ఎల్ఈడీ బల్బులు వేగంగా వ్యాపించడానికి వాటి ధర తగ్గడం ఒక కారణమైతే, పాత హోల్డరులోనే పెట్టి, పాత స్విచ్చే వేస్తే చాలడం మరొక కారణం. ఇంట్లో ఏ అలవాటూ మారనవసరం లేకపోయింది.

బావి దగ్గర

పొయ్యి దగ్గర కనిపించే ఇదే తీరు పంపు దగ్గర కూడా కనిపిస్తుంది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఇచ్చినప్పుడు కెపాసిటరు, ఐఎస్ఐ గుర్తు గల పంపు, ఘర్షణ తగ్గించే ఫుట్‌వాల్వు, తగిన పైపు అమర్చుకోవాలన్న నిబంధనలు పెట్టారు. యూనిట్‌కు ధర లేనప్పుడు యూనిట్ ఆదా చేసే పరికరానికి రైతు సొంత డబ్బు పెట్టడానికి కారణం కనిపించదు. ఆటోస్టార్టరు అలా కాదు. రాత్రి వేళ ఎప్పుడు వస్తుందో తెలియని కరెంటు కోసం పాములు తిరిగే గట్ల వెంట చీకటిలో నడిచే బాధను అది తప్పించింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల సరఫరా మొదలుకావడానికి ముందు ఆటోస్టార్టర్లు తీసివేయాలని ప్రభుత్వం రైతులను కోరింది. సరఫరా మీద నమ్మకం కుదిరేవరకు దానిని తీయడానికి రైతు సందేహించడం సహజమే.

అటవీ హక్కుల పట్టా భూములకు విద్యుత్ లైను వేయాలంటే అటవీ అనుమతులు కావాలి, అందువల్ల అనేక చేలు వానమీదే ఆధారపడి ఉన్నాయి. 2025 మే నెలలో నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో ప్రారంభించిన ఇందిర సౌర గిరి జల వికాసం పథకం ఈ భూములకు ఉద్దేశించినది. రూ. 12,600 కోట్ల వ్యయంతో 2 లక్షల 10 వేల మంది గిరిజన రైతులకు చెందిన 6 లక్షల ఎకరాలకు సౌర పంపుల ద్వారా నీరివ్వాలన్నది దాని లక్ష్యం. సౌర పంపు పగటి వేళ మాత్రమే నీరు తోడుతుంది, రాత్రి కాపలా అక్కరలేదు. నడిపే ఖర్చు లేనందున ఎంత తోడాలన్న అదుపు కూడా ఉండదు. నల్లరాతి పొరలలో నీరు పరిమితంగా ఊరే ఈ ప్రాంతంలో బిందు సేద్యాన్ని పంపుతోపాటే బిగించడం తర్వాత బిగించుకోమనడం కంటే మేలు.

నీరు తోడే పని లేని రోజుల సంగతి సాధారణంగా ఎవరూ అడగరు. అయిదు హార్స్‌పవర్ పంపుకు అమర్చిన పలకలు ఎండ బాగా ఉన్న రోజున సుమారు 20 యూనిట్లు ఇవ్వగలవు. ఏడాదిలో పంపు ఆగి ఉండే నెలలలో ఆ శక్తి వృథా పోతుంది. అన్ని రకాల మోటార్లకు పనికివచ్చే నియంత్రణ పెట్టెను పంపుకు అమర్చితే అదే పలకల మీద పిండి గిర్నీ, చొప్ప కోసే యంత్రం నడపవచ్చు. జొన్న పిండి పట్టించుకోవడానికి తలమీద మూటతో జైనూర్ వరకు నడిచి వెళ్లే స్త్రీకి గూడెంలోనే గిర్నీ ఉండడం వల్ల మిగిలేది సగం పూట. పంపు మంజూరు చేసే దరఖాస్తులో ఆ పెట్టె కావాలా అన్న గడి ఉంటే, దానిని నింపేముందు రైతు ఇంట్లో ఆమెను కూడా అడిగే అవకాశం ఉంటుంది.